బడి పక్కన ఫ్యాక్టరీ ఉంది, గాలి మీటర్ కొనమంటారా?

ప్రశ్న: మా పిల్లలు చదివే బడికి ఒక పక్క రంగులు, థిన్నర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, ఇంకో పక్క పొలాలు. వారంలో రెండు మూడు రోజులు ఉదయం అసెంబ్లీ వేళకి ముక్కు మండే వాసన వస్తుంది. ఆ రోజుల్లో పిల్లలు తలనొప్పి అంటారు, కొందరికి దగ్గు. హెడ్మాస్టర్ గారిని అడిగితే ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన రిపోర్టు చూపించారు, అన్నీ పరిమితి లోపలే అని ఉంది. తల్లిదండ్రుల్లో సగం మంది చందాలేసుకుని గాలి మీటర్ కొందామంటున్నారు, మిగతా సగం పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయిద్దామంటున్నారు. నేనెప్పుడో బీఎస్సీ చదివానని ఈ పని నా నెత్తిన పెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మీటర్ ఇప్పుడే కొనకండి. రక్తపరీక్షల మాట ఇప్పుడు అసలే వద్దు. రెండూ పనికిరావని కాదు, ఏం వెతుకుతున్నామో తెలియకుండా వెతికితే డబ్బూ పోతుంది, మీ మాట మీద జనానికి నమ్మకమూ పోతుంది. రెండోది మళ్ళీ సంపాదించడం కష్టం.

ముందు ఆ మీటర్ సంగతి. బజార్లో మామూలుగా దొరికే గాలి మీటర్లలో ఎక్కువ భాగం లోపల చిన్న లేజర్ పెట్టుకుని, గాలిలో తేలే సన్నని ధూళి కణాల మీద పడిన వెలుగు ఎంత చెదిరిందో చూసి లెక్క చెప్తాయి. అవి ధూళి మీటర్లు. మీ బాధ థిన్నర్ ఆవిరి అయితే, అంటే టొలుయిన్, జైలీన్ లాంటివైతే, మీ ముక్కు మండిపోతున్నా ఆ మీటర్‌కి ఏమీ పట్టదు, పచ్చ లైటే చూపిస్తుంది. ఇక మంచు పట్టిన ఉదయాల్లో తేమకి కణాలు ఉబ్బి, ఏ విషమూ లేకపోయినా అంకె పైకి పోతుంది. ఒకరోజు పచ్చ, ఒకరోజు ఎరుపు, రెండూ తప్పే. పైగా ఆ ఎర్ర అంకెని ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారనుకోండి, తర్వాత నిజమైన ఆధారం దొరికినా మీ మాట ఎవరూ వినరు.

నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడి ఆవరణలో పంపు పెట్టి 24 గంటలు గాలి పట్టాను. ఫలితం చూస్తే గుండె జారిపోయింది, పక్కనున్న ఫ్యాక్టరీ పని అయిపోయిందనుకున్నాను. మళ్ళీ వెళ్ళి చూద్దును కదా, కరెంటు పోయినప్పుడల్లా వాచ్‌మన్ నడిపే డీజిల్ జనరేటర్ పొగగొట్టం నా పంపుకి పది అడుగుల దూరంలో ఉంది. పంపు తప్పు చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. అందుకే ఇప్పుడెవరు మీటర్ అన్నా ముందు కాగితం తీయమంటాను.

ఆ కాగితం మీద రాయాల్సింది ఒక్క దారి. విషం ఒకచోట ఉండటం వేరు, అది పిల్లాడి ఒంట్లోకి చేరడం వేరు. తాళం వేసిన డ్రమ్ములో ఎంత విషమున్నా అది ప్రమాదానికి అవకాశమే తప్ప ఇంకా పిల్లాడికి తగిలినట్టు కాదు. ఈ పని చేసేవాళ్ళు ఐదు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడి నుంచి వస్తోంది? దేనిలో ప్రయాణిస్తోంది, గాలా నీళ్ళా మట్టా? పిల్లలకి అది ఎదురయ్యే చోటు ఏది? ఒంట్లోకి ఎలా వెళ్తోంది, పీల్చా, మింగా, చర్మం మీదుగానా? ఎవరికి, అంటే ఏ తరగతి పిల్లలకి, ఏ వేళప్పుడు? ఈ ఐదింటిలో ఒక్కటి తెగినా దారి లేనట్టే. ఐదూ కలిస్తే అప్పుడు, అప్పుడే, ఎంత అని కొలవాలి. ఈ లంకెలే గుర్తుపెట్టుకోండి, చివర్లో పరిష్కారం కూడా వీటిలో ఏదో ఒకటి తెంచడమే, అదీ అన్నిటికన్నా సులువుగా తెగేదాన్ని.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది, గమనించారా? వాసన ఎప్పుడూ ఉదయమే వస్తోందంటున్నారు. రాత్రంతా నేల చల్లబడితే నేలకి దగ్గరి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది, దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. గాలి కదలని రాత్రుల్లో ఇది బాగా జరుగుతుంది. ఆ మూత కింద వదిలిన పొగా ఆవిరీ పైకి పోలేక నేల బారునే పాకుతుంటాయి, ఎండ బాగా ఎక్కాక గానీ మూత తెరుచుకోదు. పిల్లలు ఆరుబయట వరుసల్లో నిలబడేది సరిగ్గా ఆ వేళకే. ఫ్యాక్టరీ రాత్రి ఎక్కువ వదులుతోందా, లేక రోజంతా ఒకేలా వదులుతున్నా ఉదయం మాత్రమే కిందకి చేరుతోందా అన్నది ఇంకా తెలియదు. ఈ రెంటికీ తేడా పట్టుకోవడానికి మీటర్ అక్కర్లేదు, డైరీ చాలు.

ఒక జెండా కర్రకి పొడుగాటి రిబ్బన్ కట్టండి. రోజుకి నాలుగుసార్లు, బడి తెరిచేటప్పుడు, మొదటి విరామంలో, మధ్యాహ్నం, వదిలేటప్పుడు, ఎవరో ఒకరు చూసి రాయాలి: టైమ్, రిబ్బన్ ఎటు ఊగుతోంది లేక వేలాడుతోందా, వాసన ఉందా, ఉంటే దేనిలా ఉంది. నెయిల్ పాలిష్‌లా, కుళ్ళిన గుడ్డులా, కొత్త పెయింట్‌లా, కాలిన ప్లాస్టిక్‌లా అని మామూలు మాటల్లో రాస్తే చాలు, రసాయనం పేరు ఊహించి రాయొద్దు. ఎంతమంది పిల్లలు తలనొప్పి అన్నారో రాయండి. వాసన లేని రోజులు కూడా రాయాలి, ఇదే అందరూ వదిలేసేది. వాసన వచ్చిన రోజు నలుగురికి తలనొప్పి అని ఉంటే సరిపోదు, రాని రోజు ఎంతమందికి వచ్చిందో కూడా ఉంటేనే పోల్చడానికి వీలు. కుదిరితే ఇద్దరు టీచర్లని ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా రాయమనండి. గాలి దిక్కు రాసేటప్పుడు ఒక జాగ్రత్త, పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. ఫోన్లో కొన్ని యాప్‌లు గాలి వెళ్ళే వైపు బాణం చూపిస్తాయి, కొన్ని వచ్చే వైపు. అందుకే రిబ్బన్ నమ్మండి.

అయితే వాసనని విషానికి కొలతగా మాత్రం తీసుకోవద్దు. కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మన ముక్కు వంద కోట్లలో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది, అదే పది లక్షల్లో 100 వంతుల దాకా పెరిగిందంటే ముక్కే మొద్దుబారి, వాసన పోయినట్టే అనిపిస్తుంది. అప్పుడే ప్రాణం మీదకొచ్చేది. బెంజీన్ ఇంకో రకం. అది క్యాన్సర్ తెచ్చేదని ఏ అనుమానమూ లేకుండా తేలిన పదార్థం, కానీ ఫ్యాక్టరీ కార్మికులకి చాలాచోట్ల పరిమితిగా పెట్టిన పది లక్షల్లో 1 వంతు దగ్గర కూడా చాలామందికి దాని వాసనే తెలియదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. కాబట్టి వాసన మీకు చెప్పేది ఎప్పుడు, ఎటునుంచి అన్నంతవరకే.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. బడి లోపల కూడా చూడాలి. ఫ్యాక్టరీ గొట్టం కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి అందరి చూపూ అటే పోతుంది గానీ, పిల్లల ఒంట్లోకి విషం చేరే దారుల్లో చాలావరకు గోడల మధ్యనే ఉంటాయి. పాత భవనమైతే పొరలు పొరలుగా ఊడే రంగులో సీసం ఉండొచ్చు. కొత్త రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు దాటకూడదని ఐక్యరాజ్యసమితి సంస్థలు చట్టాల కోసం సూచించాయి, పాత రంగుల్లో అది వేలల్లో కూడా ఉండేది. పిల్లలు కిటికీ గట్టు మీద చెయ్యి పెడతారు, ఆ చెయ్యి నోట్లో పెడతారు, అంతే దారి. పెద్దవాళ్ళు మింగిన సీసంలో ఒంటికి పట్టే భాగం కన్నా చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సైన్స్ ల్యాబ్ అల్మరాలో మూతలు సరిగ్గా లేని పాత సీసాలు, పగిలిన థర్మామీటర్ తాలూకు పాదరసం, మరుగుదొడ్లు కడగడానికి బ్లీచింగూ యాసిడూ కలిపి పోసే అలవాటు (అలా కలిపితే వచ్చేది క్లోరిన్ గ్యాస్, ఇది సరదా విషయం కాదు), గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబెట్టే బస్సులు... డీజిల్ పొగని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. మీ డైరీలో వాసన వేళలూ బస్సుల వేళలూ ఒకటే అని తేలినా నాకు ఆశ్చర్యం ఉండదు, తేలకపోయినా ఉండదు.

నీళ్ళ సంగతి క్లుప్తంగా. పాత పైపులూ కుళాయిల్లోని సీసం రాత్రంతా కదలకుండా ఉన్న నీటిలోకి దిగుతుంది, అందుకే ఉదయం ఎవరూ కుళాయి తిప్పకముందు మొదటి నీళ్ళు పావు లీటరు ఒక సీసాలో, కాసేపు వదిలాక వచ్చే నీళ్ళు ఇంకో సీసాలో పట్టి రెండూ పరీక్షకి ఇవ్వాలి. మొదటిదే ఎక్కువైతే తప్పు కుళాయిది లేక దాని దగ్గరి పైపుది, రెండూ ఎక్కువైతే వెనకాల ఎక్కడో ఉంది. మరిగిస్తే లోహాలు పోవు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడతాయి.

ఇక హెడ్మాస్టర్ గారు చూపించిన ఆ రిపోర్టు. దాన్ని అబద్ధమని కొట్టిపారేయొద్దు, అలాగని చివర ఉన్న పరిమితి లోపలే అన్న మాట చదివి తిరిగి ఇచ్చేయొద్దు. పేజీలన్నీ ఫొటో తీసుకుని నింపాదిగా కూర్చోండి. మొదట చూడాల్సింది ఎవరి పరిమితి అని. ఫ్యాక్టరీల్లో వాడే పరిమితులు చాలావరకు కార్మికుల కోసం పెట్టినవి, అంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు పనిచేసి ఇంటికెళ్ళి మంచి గాలి పీలుస్తారనే లెక్క మీద పెట్టినవి. ఒకటో తరగతి పిల్లాడు ఆ లెక్కలో లేడు. కిలో బరువుకి చూస్తే పిల్లలు పెద్దవాళ్ళ కన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, నేలకి దగ్గరగా ఉంటారు, ఊపిరితిత్తులూ మెదడూ ఇంకా తయారవుతున్నాయి. కార్మికుల పరిమితితో బడి గాలిని పోల్చిన రిపోర్టు మీ చేతిలో ఉంటే ఆ ఒక్క విషయం చాలు, మీటింగులో అడగడానికి.

రెండోది సగటు. 24 గంటల సగటు అని ఉందనుకోండి, ఉదయం అరగంట పాటు కొట్టిన ఘాటు మిగతా ఇరవై మూడున్నర గంటల మంచి గాలిలో కలిసిపోయి అంకె చక్కగా కనిపిస్తుంది. దీనికి తిరగేసిన తప్పు మన వైపు నుంచి జరుగుతుంది, ఐదు నిమిషాలు పట్టిన గాలిని ఏడాది సగటు కోసం పెట్టిన పరిమితితో పోల్చి గోల చేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సన్నని ధూళికి, అదే పీఎం 2.5కి, ఘనపు మీటరు గాలికి ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 అని వేర్వేరుగా పెట్టింది ఎందుకంటే కాసేపు పీల్చడం వేరు, ఏళ్ళ తరబడి పీల్చడం వేరు. ఏ సగటుని ఆ సగటుతోనే పోల్చాలి.

మూడోది ఎక్కడ, ఎప్పుడు కొలిచారన్నది. పొగగొట్టం లోపలా, ఫ్యాక్టరీ గేటు దగ్గరా, బడి వైపు గోడ దగ్గరా? ఆ రోజు గాలి బడి వైపు వీచిందా? ఫ్యాక్టరీ పూర్తిగా నడిచిందా, సగం నడిచిందా? గాలి బడికి వ్యతిరేకంగా వీచిన రోజు బడి దగ్గర కొలిస్తే అది బడి గాలి కాదు, అవతలి పొలాల గాలి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే చదివిన వాళ్ళు కూడా దీని దగ్గర బోల్తాపడతారు. రిపోర్టులో 'కనుగొనబడలేదు' అని ఉంటుంది. అంటే లేదని కాదు, ఆ ల్యాబు యంత్రం పట్టగలిగే కనీస స్థాయి కన్నా తక్కువ ఉందని. ఆ కనీస స్థాయి ఎంతో పక్కన రాసి ఉండాలి. అది పిల్లలకి సురక్షితమనుకునే స్థాయి కన్నా ఎక్కువ ఉంటే ఆ వరుస మొత్తం వృథా. బస్తాలు తూచే కాటాలో బంగారం పెట్టి ముల్లు కదల్లేదు కాబట్టి బంగారం లేదన్నట్టు ఉంటుంది.

అసలు పరిమితులే రాతి మీద రాసినవి కావు, తెలిసేకొద్దీ మారుతుంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసానికి ఇంకా లోతుగా పరిశీలించాల్సిన స్థాయి అని పెట్టుకున్నది 2024లో పది లక్షల్లో 400 వంతుల నుంచి 200కి దించింది. మట్టి అదే, పిల్లలూ వాళ్ళే, ముందురోజు దాకా ఫర్వాలేదన్నది మర్నాడు పట్టించుకోవాల్సినదైంది.

ఫ్యాక్టరీ వాళ్ళని ఇంకొకటి కూడా అడగండి, మర్యాదగా, రాతపూర్వకంగా: వాడే రసాయనాల జాబితా, ఒక్కోదాని సేఫ్టీ డేటా షీట్. ఆ షీట్‌లో 16 భాగాలుంటాయి, మూడోదానిలో అందులో ఏమున్నాయో, తొమ్మిదోదానిలో అది ఎంత త్వరగా ఆవిరవుతుందో, పదకొండోదానిలో ఒంటికి ఏం చేస్తుందో ఉంటుంది. బీఎస్సీ చదివిన మీకు అది కష్టం కాదు. ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ ఏం వదులుతోందో జనానికి తెలియాలన్న మాట ఇవాళ మామూలుగా అనిపిస్తుంది గానీ, 1984లో భోపాల్ జరిగాక గానీ అది అమెరికాలో కూడా దేశమంతటికీ చట్టం కాలేదు, 1986లో అయింది. ఆ చట్టం వల్ల పోగైన లెక్కల్నే 2008లో యూఎస్ఏ టుడే పత్రిక వాళ్ళు ప్రభుత్వ కంప్యూటర్ మోడల్‌లో వేసి దాదాపు 1,27,800 బడుల దగ్గరి గాలిని అంచనా కట్టారు. పోలికకి వాళ్ళు తీసుకున్నది ఒహాయోలోని అడిస్టన్ అనే ఊరి బడి. దాని ఎదురుగా ప్లాస్టిక్ ఫ్యాక్టరీ, అక్కడ గాలి కొలిస్తే క్యాన్సర్ ముప్పు ఆ రాష్ట్రం ఒప్పుకునే స్థాయికి 50 రెట్లు తేలింది, 2005లో బడి మూసేశారు. ఆ బడి కన్నా గాలి పాడై ఉండొచ్చని ఆ మోడల్ చెప్పిన బడులు 435. పత్రికలో అది వచ్చాక 2009లో అమెరికా పర్యావరణ సంస్థ 22 రాష్ట్రాల్లో 63 బడుల దగ్గర నిజంగా కొలవడం మొదలుపెట్టింది.

ఆ కొలతల్లో ఏక్రోలిన్ అనే కళ్ళు మండించే పదార్థం దగ్గర ఒక ముచ్చట జరిగింది. పట్టిన గాలిని డబ్బాలో దాచి ల్యాబుకి తెచ్చే పద్ధతిలోనే తేడా వస్తోందని, ఆ అంకెల్ని నమ్మడానికి లేదని ఆ సంస్థే చివరికి చెప్పేసింది. అంత పెద్ద ల్యాబులున్న వాళ్ళకే అలా అయితే మనమెంత జాగ్రత్తగా ఉండాలి? అందుకే కొలిచే రోజు వచ్చినప్పుడు మూడు పనులు తప్పనిసరి. ఒక ఖాళీ నమూనా, అంటే గాలి పట్టకుండా తెరిచి మూసి మిగతావాటితోపాటు ల్యాబుకి పంపేది. అందులో కూడా టొలుయిన్ వచ్చిందంటే అది దారిలో చేరిందని. ఒకేచోట ఒకేసారి జంటగా పట్టినవి రెండు, రెండూ దగ్గర దగ్గరగా రావాలి. మూడోది, అదే సమయానికి గాలికి ఎదురు వైపున, ఫ్యాక్టరీకి అవతల పట్టిన నమూనా. అటు తక్కువ, ఇటు ఎక్కువ వస్తేనే మధ్యలో ఉన్నదాని వైపు వేలు చూపించగలం. ల్యాబుకి 17025 అనే, ల్యాబుల పనితీరుకి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం కింద గుర్తింపు ఉందా, ఉన్నా మీరడిగే పరీక్షకి ఉందా అని కూడా చూడండి. గుర్తింపు నీళ్ళ పరీక్షలకి ఉండి గాలి పరీక్షలకి లేకపోవడం మామూలే.

దేనితో కొలవాలంటే, ఆవిరులకి చిన్న బిళ్ళల్లాంటివి, గొట్టాల్లాంటివి ఉంటాయి, కరెంటు అక్కర్లేదు, రోజుల తరబడి వేలాడదీస్తే సగటు చెప్తాయి. ఉదయపు ఘాటు లాంటి కాసేపటి వాటికి అవి సరిపోవు, అప్పటికప్పుడు గాలి పట్టే సంచీ కావాలి. దీనికి ప్లాస్టిక్ బకెట్‌లో ప్రత్యేకమైన సంచీ బిగించి, చిన్న పంపుతో బకెట్ లోపలి గాలి తీసేస్తే బయటి గాలి సంచీలోకి వచ్చే పద్ధతి ఒకటి 1990ల్లో కాలిఫోర్నియాలో, ఆయిల్ రిఫైనరీ పక్కన ఉండే జనం కోసం పుట్టింది. తర్వాత చాలా దేశాలకి పాకింది. మీ డైరీ రెండు వారాలు నడిచాక ఏ వేళకి సంచీ సిద్ధంగా ఉండాలో మీకే తెలిసిపోతుంది, అప్పుడు మూడు నాలుగు నమూనాలతో పని అవుతుంది. డైరీ లేకుండా అయితే ముప్ఫై పట్టినా చాలవు.

రక్తపరీక్షలు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు. తల్లిదండ్రుల ఆత్రం నాకు అర్థమవుతుంది, పిల్లల ఒంట్లో ఉందో లేదో చూస్తే అయిపోయె కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో విషం ఒంట్లో ఒక్కో కాలం ఉంటుంది. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి నెలరోజుల దాకా పడుతుంది, కాబట్టి సీసం అనుమానం ఉంటే, రంగులు ఊడే గదుల్లో కూర్చునే చిన్నపిల్లలకి ఆ పరీక్ష అర్థవంతమైనదే. డెసిలీటరు రక్తానికి, అంటే లీటరులో పదో వంతుకి, 5 మైక్రోగ్రాములో అంతకన్నా ఎక్కువో ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. థిన్నర్ ఆవిరులు అలా కాదు, గంటల్లో ఒంట్లోంచి పోతాయి. మంగళవారం పీల్చినదాన్ని శనివారం రక్తంలో వెతికితే ఏముంటుంది? సున్నా వస్తుంది, ఆ సున్నా తీసుకుపోయి ఫ్యాక్టరీ వాళ్ళు గోడకి అంటిస్తారు. పోనీ మూత్రంలో చూద్దామంటే, టొలుయిన్ పీల్చితే వచ్చే హిప్పూరిక్ ఆమ్లం, డబ్బా పానీయాలు పాడవకుండా కలిపే బెంజోయేట్ వల్ల కూడా వస్తుంది. ఇవన్నీ తెలిసిన డాక్టరు ముందుండి, ఎప్పుడు తీయాలి, ఎవరికి తీయాలి, ఫలితం ఎవరికి చెప్పాలి, ఎక్కువొస్తే ఏం చేయాలి అని నిర్ణయించాకే సూది. ఫలితాలు ఆ పిల్లల తల్లిదండ్రులకి తప్ప ఇంకెవరికీ పేరుతో తెలియకూడదు. 'సీసం పిల్లాడు' అని తోటి పిల్లలు పేరు పెడితే దాన్ని ఏ మందూ తగ్గించలేదు.

పోలిక లేని పరీక్ష ఎందుకు నిలబడదో చెప్పడానికి కేరళలోని కాసరగోడ్ జిల్లా సంగతి చెప్తాను. అక్కడ పద్రె అనే ఊళ్ళో కొండల మీది జీడిమామిడి తోటలకి 20 ఏళ్ళకి పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. పిల్లల ఆరోగ్యం గురించి జనం ఏళ్ళ తరబడి మొత్తుకున్నా, అది మందు వల్లేనా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అక్కడి 117 మంది బడి అబ్బాయిల్ని, మందు చల్లని ఊరిలో అదే వయసున్న 90 మందితో పోల్చారు. రక్తంలో ఎండోసల్ఫాన్ ఎక్కువుందని, అబ్బాయిలకి యుక్తవయసు లక్షణాలు ఆలస్యంగా వస్తున్నట్టు కనిపిస్తోందని తేలింది. ఆ రెండో ఊరి 90 మంది లేకపోతే ఈ 117 మంది అంకెలకి అర్థమే లేదు.

మీకూ ఒక పక్క పొలాలున్నాయన్నారు కదా. ఫ్యాక్టరీ హడావిడిలో దాన్ని మర్చిపోవద్దు, ఎందుకంటే పరిష్కారం అన్నిటికన్నా తొందరగా దొరికేది అక్కడే. పురుగుమందు ఎప్పుడు కొడతారో రైతులని అడగండి, మందు డబ్బా మీద పేరు రాసుకోండి. కాలిఫోర్నియాలో 2018 నుంచి బడులకి పావు మైలు లోపల, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు, గాలికి కొట్టుకొచ్చే పద్ధతుల్లో పురుగుమందులు కొట్టకూడదని నిబంధన పెట్టారు. మీకు అలాంటి నిబంధన ఉన్నా లేకపోయినా, బడి లేని రోజున, గాలి అటు వీచేటప్పుడు కొట్టండి అంటే వినే రైతులే ఎక్కువ, వాళ్ళ పిల్లలు కూడా అదే బడిలో ఉంటారు కాబట్టి.

అదే మాట ఫ్యాక్టరీలో పనిచేసే తల్లిదండ్రుల గురించి కూడా. వాళ్ళు మీ మీటింగులకి రావట్లేదని నా అనుమానం, ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది. కానీ ఏ డ్రమ్ము ఎప్పుడు తెరుస్తారో, ఏ రాత్రి ట్యాంకులు కడుగుతారో తెలిసింది వాళ్ళకే. వాళ్ళని నిలదీయొద్దు, పేరు రాయొద్దు, టీ తాగుతూ అడగండి. ఇంకో కారణం కూడా ఉంది, పనిబట్టలతో ఇంటికొస్తే ఆ ధూళి ఇంట్లో పిల్లల దాకా వస్తుంది, సీసం పని చేసేవాళ్ళ ఇళ్ళలో ఇది బాగా తెలిసిన దారి. బట్టలు పనిచోటే మార్చుకుని, విడిగా ఉతకడం లాంటివి వాళ్ళకి చెప్పడం ద్వారా మీరు వాళ్ళ వైపే ఉన్నారని కూడా తెలుస్తుంది.

రేపు ఉదయం నుంచే చేయదగ్గవి కొన్ని ఉన్నాయి, వీటికి ఏ రుజువూ అక్కర్లేదు. వాసన ఉన్న రోజు అసెంబ్లీ లోపల పెట్టమని, ఆ పక్క కిటికీలు మూయమని, ఆటలు మధ్యాహ్నానికి మార్చమని హెడ్మాస్టర్ గారిని అడగండి. ఆయన్ని ఎదుటి పక్షంలో పెట్టకండి, డైరీ ఆయన టేబుల్ మీదే ఉండనివ్వండి. గదులు పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడిపించండి, పిల్లల చేతులు కడిగించండి, బస్సుల ఇంజన్లు ఆపించండి. ఉబ్బసం ఉన్న పిల్లలెవరో టీచర్లకి తెలిసి ఉండాలి, వాళ్ళ ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉండాలి. ఎప్పుడైనా ఒకేసారి చాలామందికి కళ్ళు మండటం, వాంతులు, ఊపిరాడకపోవడం జరిగితే డైరీ, నమూనా అన్నీ పక్కన పెట్టి గాలి వచ్చే దిక్కుకి అడ్డంగా పిల్లల్ని దూరం తీసుకెళ్ళి, అంబులెన్స్‌కీ ఫైర్ వాళ్ళకీ ఫోన్ చేయండి. ఏ మీటింగు కోసమూ ఆగొద్దు.

చందా డబ్బు మాత్రం అలాగే ఉంచండి, సంచీలకీ ల్యాబుకీ అవసరమవుతుంది. రెండు వారాల డైరీ పూర్తయ్యాక మళ్ళీ రాయండి, గాలి లేని ఉదయాలెన్ని, వాసన వచ్చినవి వాటిలో ఎన్ని అన్నది లెక్కగట్టి పంపండి. ఫ్యాక్టరీ రిపోర్టులో ఎన్ని గంటల సగటు, ఎవరి పరిమితి అని ఉన్న పేజీ ఫొటో కూడా జతచేయండి, ఏ పదార్థానికి సంచీ పట్టాలో అప్పుడు చూద్దాం.